పిల్లలూ పెద్దలూ ఉన్న ఇంటికి ఎలాంటి తలుపున్న బండి కొనాలి: మోటారుతో జరిగేదా, చేతితో తోసేదా, మామూలు తలుపా

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో రెండో బిడ్డ పుట్టి, ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరు నెలల కోసం వచ్చే సమయానికి, ఉన్న కారు చాలదన్న మాట మొదలవుతుంది. ఆ మాట చివరికి హోండా ఆడిసీ, టొయోటా సియెనా, కియా కార్నివాల్, క్రైస్లర్ పసిఫికా వంటి మినీవ్యాన్ దగ్గరో, టొయోటా హైలాండర్, హోండా పైలట్ వంటి మూడు వరుసల ఎస్‌యూవీ దగ్గరో ఆగుతుంది. ధర, మైలేజీ, సీట్ల గురించి వారాల తరబడి చర్చిస్తాం గానీ, రోజుకు ఎన్నోసార్లు పిల్లల వేళ్ల పక్కనుంచి కదిలే తలుపు గురించి మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. షోరూములో మీట నొక్కగానే అది దానంతట అదే పక్కకు జరిగిపోవడం చూసి ముచ్చటపడి వచ్చేస్తాం.

మోటారు తలుపున్న బండిని కొనవద్దని నేను చెప్పడం లేదు. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఉన్న ఇంటికి అది నిజంగా మేలు చేసే వసతి. అయితే తలుపును కదిలించే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది, మీట నొక్కే మనిషికి ఆ క్షణంలో తలుపు దారి కళ్లకు కనిపిస్తుందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకున్న తర్వాతే కొనాలని నా గట్టి అభిప్రాయం. కంపెనీ పేరు కంటే, ట్రిమ్ స్థాయి (ఒకే మోడల్‌లో సౌకర్యాలను బట్టి ఉండే రకం) కంటే ఈ రెండు ప్రశ్నలే ముఖ్యమని ఎందుకు అంటున్నానో చెప్పాలంటే ముందు ఆ తలుపు పనిచేసే తీరు చూడాలి.

తలుపు ఎలా కదులుతుంది, ఎక్కడ నొక్కుతుంది

స్లైడింగ్ తలుపు పైన, కింద, మధ్యలో ఉండే మూడు పట్టాల మీద రోలర్ల సాయంతో నడుస్తుంది. మోటారు ఒక కేబులును చుట్టుకుంటూ, వదులుతూ దాన్ని ముందుకూ వెనక్కూ లాగుతుంది. ఏదైనా అడ్డు తగిలితే ఆగి వెనక్కి మళ్లడానికి సాధారణంగా రెండు ఏర్పాట్లు ఉంటాయి. మొదటిది మోటారు వేగాన్నీ, అది తీసుకునే కరెంటునూ గమనించడం. అడ్డు తగిలినప్పుడు వేగం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, దాన్ని బట్టి యంత్రం తలుపును వెనక్కి తిప్పుతుంది. రెండోది తలుపు ముందు అంచు పొడవునా అతికించిన రబ్బరు పట్టీ; దాని లోపల ఉన్న సెన్సరు ఒత్తిడి తగలగానే సంకేతం ఇస్తుంది. ఈ రెండింటిలోనూ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటే: ముందు తగలాలి, తర్వాతే ఆగుతుంది. మనిషిని దూరం నుంచి చూసి ఆగే తలుపు అని చాలామంది అనుకుంటారు గానీ, ఇవి తాకిన తర్వాత వెనక్కి తగ్గే తలుపులు.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది మూసుకునే ప్రయాణంలోని చివరి భాగంలో. తలుపు చట్రం దగ్గరకు వచ్చాక, గొళ్లెంలో ఉండే మరో చిన్న మోటారు దాన్ని లోపలికి బిగించి లాగుతుంది. తలుపు అంచు చుట్టూ ఉన్న రబ్బరును అదిమి, గాలీ నీరూ చొరబడకుండా బిగించాలి కనుక ఆ దశలో బలం ఎక్కువగానే కావాలి. అడ్డును గుర్తించే శక్తి సరిగ్గా అక్కడే తగ్గుతుంది. ఎందుకంటే రబ్బరు అదుముడుకూ వేలు అడ్డుకూ తేడా కనిపెట్టడం యంత్రానికి కష్టం. మూడేళ్ల పిల్లల వేలు సెంటీమీటరు మందం కూడా ఉండదు. తలుపు సగం దూరంలో ఉండగా చెయ్యి అడ్డు పెట్టి, అది వెనక్కి మళ్లడం చూపించి సేల్స్‌మన్ మనకు ధైర్యం చెబుతాడు. కానీ ఆ పరీక్ష ప్రమాదం లేని చోట చేసిన పరీక్ష.

కారు కిటికీల విషయంలో నియమం స్పష్టంగా ఉంది. దానంతట అదే మూసుకునే అద్దం 4 మిల్లీమీటర్ల నుంచి 200 మిల్లీమీటర్ల సందులో అడ్డు తగిలితే, 100 న్యూటన్ల బలం, అంటే సుమారు పది కిలోల బరువు పడేంత ఒత్తిడి, దాటకముందే వెనక్కి మళ్లాలని అమెరికా వాహన భద్రతా ప్రమాణం 118 చెబుతుంది. ఆ ప్రమాణం కిటికీలకు, లోపలి అడ్డుతెరలకు, పైకప్పు పలకలకు వర్తిస్తుందే తప్ప పక్క తలుపులకు కాదు. తలుపులకు ఉన్న ప్రమాణం 206 ప్రధానంగా గుద్దుకున్నప్పుడు తలుపు ఊడి తెరుచుకోకుండా చూడటానికి ఉద్దేశించినది. 2007లో దాన్ని సవరించినప్పుడు స్లైడింగ్ తలుపులను దృష్టిలో పెట్టుకొని, తలుపు పూర్తిగా పడకపోతే పట్టి ఉంచే రెండో దశ గొళ్లెం గానీ, డ్రైవరుకు తెలిపే హెచ్చరిక గానీ ఉండాలన్నారు. మంచి నియమమే. అయితే బండి లోపలి మనిషి బయటికి పడిపోకుండా కాపాడటం వేరు, తలుపు అంచున ఉన్న వేలిని కాపాడటం వేరు. కిటికీకి ఉన్న భరోసా తలుపుకూ ఉందని మనం అనుకోకూడదు.

ముందు అంచు గురించి ఇంత చెప్పాను గానీ, తెరుచుకునేటప్పుడు వెనక అంచు గురించి ఎవరూ చెప్పరు. తలుపు ముందు బయటికి వచ్చి, తర్వాత బండి ఒంటి మీదుగా వెనక్కి జరుగుతుంది. వెనక చక్రం దగ్గర బండికి ఆనుకొని నిలబడిన పిల్లవాడికి అది తగలవచ్చు. స్లైడింగ్ తలుపుకు ఉన్న కిటికీ దించి, పిల్లవాడు చెయ్యి బయట పెట్టి ఉండగా తలుపు వెనక్కి జరిగితే, ఆ చెయ్యి కిటికీ చట్రానికీ వెనక స్తంభానికీ మధ్య పడుతుంది. కొన్ని మోడళ్లలో కిటికీ దించి ఉంటే తలుపు సగంలోనే ఆగిపోయే ఏర్పాటు ఉంది. మీరు చూస్తున్న బండిలో ఉందో లేదో కిటికీ దించి ఒకసారి తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

రీకాల్‌లు చెబుతున్నది

2023లో కియా అమెరికాలో 2022, 2023 మోడల్ కార్నివాల్ వ్యాన్లను 51 వేలకు పైగా రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. మోటారు తలుపు మూసుకుంటుండగా మనుషులకు తగిలి గాయాలైనట్టు తొమ్మిది ఘటనలు నమోదయ్యాయి. వాటిలో ఒకదానిలో బొటనవేలు విరిగింది. పరిష్కారంగా సాఫ్ట్‌వేర్ మార్చి, తలుపు కదిలే ముందు అదనంగా హెచ్చరిక శబ్దాలు వచ్చేలా, మూసుకునే చివరి దశలో వేగం తగ్గేలా చేశారు. ఈ పరిష్కారాన్ని జాగ్రత్తగా గమనించండి. ఆ తలుపులకు వెనక్కి మళ్లే ఏర్పాటు ముందునుంచీ ఉంది. అది ఒక్కటే చాలదని తేలాక, తలుపు కదలబోతోందని మనిషికి ముందుగా తెలియజేయడమూ, నెమ్మదిగా మూయడమూ అవసరమయ్యాయి. కొనేటప్పుడు మనం వెతకవలసిన గుణాలు కూడా ఈ రెండే.

మిగతా పెద్ద రీకాల్‌లు వేరే రకం ప్రమాదానికి సంబంధించినవి, అంటే బండి నడుస్తుండగా తలుపు తెరుచుకోవడానికి. 2016 నవంబరులో టొయోటా 2011 నుంచి 2016 వరకు వచ్చిన సియెనా వ్యాన్లను, ఒక్క అమెరికాలోనే 7 లక్షల 40 వేలకు పైగా, వెనక్కి పిలిచింది. మంచు వంటి కారణాలతో తలుపు కదలకుండా బిగుసుకుపోయినప్పుడు మోటారు సర్క్యూట్ మీద భారం పడి ఫ్యూజు కాలిపోతుందనీ, అదే క్షణంలో గొళ్లెం విడిన స్థితిలో ఉంటే ప్రయాణంలో తలుపు తెరుచుకోవచ్చనీ తేలింది. 2018లో హోండా లక్షకు పైగా కొత్త ఆడిసీలను తలుపు గొళ్లెం సరిగా పడకపోవచ్చన్న కారణంతో, 2020లో 2018 నుంచి 2020 వరకు మోడళ్లను బయటి హ్యాండిల్ కేబుల్‌లో నీరు చేరి గడ్డకట్టవచ్చన్న కారణంతో రీకాల్ చేసింది. మిచిగన్, మిన్నెసోటా, న్యూజెర్సీ వంటి చలి రాష్ట్రాల్లో ఉండేవారు ఈ చరిత్రను తేలిగ్గా తీసుకోకూడదు. పాత వ్యాన్ కొంటున్నట్టయితే, బండికి ఉండే 17 అక్షరాల విన్ నంబరును అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో ఇచ్చి చూడండి. ఆ బండికి ఇంకా చేయించని రీకాల్ పని ఏదైనా ఉంటే తెలుస్తుంది. డబ్బు చేతులు మారక ముందే ఈ పని చేయాలి.

ఏ తలుపు ఎవరికి

కీలు మీద తిరిగే మామూలు తలుపు అంటే మనకు భయం లేదు, ఎందుకంటే పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం. కానీ అది నిర్దోషి కాదు. పదేళ్ల అన్న విసురుగా వేసిన తలుపులో నాలుగేళ్ల చెల్లెలి వేలు పడితే, వెనక్కి మళ్లించే యంత్రం దానిలో లేదు. కీలు వైపు సందు ఇంకా ప్రమాదకరం, అక్కడ బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పార్కింగ్‌లో పక్క బండికి తగులుతుంది, రోడ్డు పక్కన తీస్తే వచ్చే సైకిలుకు అడ్డుపడుతుంది. ఇరుకు చోట పిల్లల సీటులోకి బిడ్డను వంగి ఎక్కించడం నడుముకు శిక్ష. మోటారు తలుపు భయంతో ఎస్‌యూవీకి వెళ్లేవారు ఈ ప్రమాదాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పిల్లలందరూ తొమ్మిది, పదేళ్లు దాటి, పెద్దవాళ్ల రాకపోకలు లేని ఇంటికి మామూలు తలుపు సరిపోతుంది. అంతకంటే చిన్న పిల్లలుంటే దానికి ప్రత్యేకంగా భద్రత ఎక్కువని నేను అనుకోను.

చేతితో తోసే స్లైడింగ్ తలుపుకు ఒక గొప్ప గుణం ఉంది: తోసే మనిషి తలుపు పక్కనే నిలబడి దాన్ని చూస్తూ ఉంటాడు. 2011 నుంచి 2017 వరకు వచ్చిన ఆడిసీలో ఎల్‌ఎక్స్ ట్రిమ్‌కు ఇలాంటి తలుపులే ఉండేవి, పాత బండ్లలో ఇప్పటికీ దొరుకుతాయి. మన ఊళ్లలో మారుతీ ఓమ్నీ, ఈకో వ్యాన్లతో పరిచయమున్నవారికి ఈ తలుపు కొత్త కాదు. దాని లోపం బరువు. ఒకసారి వేగం అందుకుంటే పిల్లలు ఆపలేరు. ఎత్తుపల్లాలున్న ఇంటి ముంగిట బండి ముక్కు కిందికి ఉండగా తలుపు తెరిస్తే, పూర్తిగా వెనక్కి వెళ్లి కొక్కెంలో పడకపోతే, తనంతట తనే ముందుకు జారి మూసుకుంటుంది. సగం పడిన తలుపుతో బయలుదేరే అలవాటు కూడా ఈ రకానికే ఎక్కువ. చదునైన చోట నివసించి, తలుపు వేసే పని పెద్దవాళ్లే చేస్తామని నియమం పెట్టుకోగలిగిన ఇంటికి, తక్కువ ఖర్చులో ఇది మంచి ఎంపిక.

మీటతో నడిచే మోటారు తలుపును నేను చాలా కుటుంబాలకు సిఫారసు చేస్తాను, ఒక షరతుతో. ఆ తలుపును కదిలించే మీటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. డ్రైవరు దగ్గర ఒకటి, తాళం రిమోట్ మీద ఒకటి, తలుపు పక్క స్తంభం మీద లోపల ఒకటి, లోపలి హ్యాండిల్, బయటి హ్యాండిల్, కొన్నింటిలో మూడో వరుస దగ్గర మరొకటి. హ్యాండిల్‌ను కాస్త లాగితే చాలు, మిగతా పని మోటారు చేస్తుంది. అంటే ఒకే తలుపుకు ఐదారుగురు యజమానులు. తండ్రి ముందు సీటులో కూర్చొని మూసే మీట నొక్కిన క్షణంలోనే తల్లి బయట నిలబడి బిడ్డ బెల్టు సర్దుతూ ఉండవచ్చు. ఇక్కడ యంత్రం తప్పు ఏమీ లేదు. నొక్కిన మనిషికి తలుపు దారి కనిపించలేదు, అంతే. అందువల్ల ప్రధాన స్విచ్ ఒకటి ఉండి, దాన్ని ఆపితే లోపలి మీటలు, హ్యాండిళ్లు మోటారును కదిలించకుండా ఉండే మోడల్‌ను ఎంచుకోండి. చైల్డ్ లాక్ వేసినా డ్రైవరు మీటతో తలుపు తెరుచుకుంటుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పిల్లవాడు లోపలి నుంచి తీయకుండా మాత్రమే అది ఆపుతుంది.

నాలుగో రకం, తాళం జేబులో పెట్టుకొని తలుపు దగ్గర కాసేపు నిలబడితేనో, కింద కాలు ఆడిస్తేనో తెరుచుకునేది. రెండు చేతుల్లో సామాను ఉన్నప్పుడు సుఖమే. కానీ మనిషి ఏమీ కోరకుండానే మోటారు తలుపును కదిలించే అవకాశం ఈ రకంలో ఉంది. తాళం సంచి భుజాన వేసుకొని బండి పక్కనే పసివాడితో మాట్లాడుతూ నిలబడటం తల్లులకు రోజూ జరిగేదే. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ సౌకర్యాన్ని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపివేయమనే నా సలహా. ఆపే వీలు లేకపోతే ఆ ట్రిమ్ వద్దు. దీని కోసం అదనంగా డబ్బు ఇవ్వడం అసలే అనవసరం.

పెద్దవాళ్లు, పమిట చెంగులు

పిల్లల వేళ్ల గురించి అందరూ ఆలోచిస్తారు. మా ఇంట్లో మాత్రం తలుపు మొదట తగిలింది మా అమ్మకు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు వ్యాన్ దిగేటప్పుడు పట్టు కోసం ముందు తలుపుకూ స్లైడింగ్ తలుపుకూ మధ్య ఉన్న స్తంభాన్ని చేత్తో పట్టుకుంటారు. సరిగ్గా తలుపు వచ్చి మూసుకునే అంచు అదే. ఆమె దిగిపోయిందనుకొని నేను రిమోట్ నొక్కాను. ఆమె ఇంకా ఆ స్తంభాన్ని పట్టుకొని చెప్పులు వెతుక్కుంటోంది. తలుపు మెటికలకు తగిలి వెనక్కి మళ్లింది, వాపుతో పోయింది. కానీ ఆ రోజు నుంచి దిగినవాళ్లు రెండడుగులు దూరం జరిగి నిలబడి, వాళ్లే నోటితో “వెయ్యి” అంటే తప్ప నేను మీట ముట్టడం లేదు. కొనేటప్పుడు స్తంభానికి లోపలి వైపున, తలుపు అంచుకు దూరంగా, గట్టి పట్టుకమ్మి ఉందో లేదో చూడండి. పెద్దవాళ్ల చేతిని ప్రమాదకరమైన అంచు నుంచి దూరంగా తీసుకుపోయేది అదే.

పెద్దవాళ్లు చేసే మరో పని, కదులుతున్న తలుపును సాయంగా చేత్తో లాగడం. మామూలు తలుపు అలవాటుతో, మెల్లగా పోతోందని తోస్తారు. కొన్ని తలుపులు దాన్ని అడ్డుగా భావించి ఎదురు దిశకు మళ్లుతాయి, కొన్ని సగంలో ఆగిపోతాయి. తలుపు దారి మార్చుకుందని తెలియక వాళ్లు అక్కడే నిలబడి ఉంటారు. వచ్చిన మొదటి రోజే వాళ్లను బండి దగ్గరకు తీసుకెళ్లి, తెలుగులో, రెండు మూడు సార్లు చేయించి చూపించడం కంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

ఇక చీర. పమిట చెంగు, చున్నీ, పట్టు లంగా అంచు వంటి పలుచని బట్టను ఏ సెన్సరూ అడ్డుగా గుర్తించదు. గొళ్లెం దాన్ని లోపలికి బిగించేస్తుంది. మనిషి బయట, చెంగు లోపల ఉండగా బండి కదిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇది ఏ రకం తలుపుకైనా ఉన్న ప్రమాదమే. కానీ మామూలు తలుపు వేసేవారు దాన్ని చూస్తూ వేస్తారు. మోటారు తలుపు మీట నొక్కే మనిషి ముందు సీటులో అద్దం వైపు చూస్తూ ఉంటాడు. గుడికీ, పెళ్లికీ వెళ్లే రోజున మూసే పని బయట నిలబడిన ఒక మనిషికి అప్పగించండి.

షోరూములో చేయవలసిన పరీక్ష

చెయ్యి పెట్టి పరీక్షించకండి, ముఖ్యంగా పిల్లల చెయ్యి. వంటింట్లో వాడే పేపర్ టవల్ చుట్ట ఒకటి, వేలంత లావున్న క్యారెట్ ఒకటి వెంట తీసుకెళ్లండి. తలుపు సగం మూసుకున్నాక చుట్టను కింద పిల్లవాడి మోకాలి ఎత్తులో, తర్వాత మధ్యలో, తర్వాత పైన అడ్డం పెట్టి చూడండి. మూడు చోట్లా ఒకేలా స్పందిస్తుందా, కింది భాగంలో గట్టిగా నొక్కిన తర్వాత గానీ ఆగడం లేదా అన్నది తెలుస్తుంది. తర్వాత క్యారెట్‌ను చివరి రెండంగుళాల సందులో పెట్టండి. అది విరిగిపోతే ఆ తలుపు గురించి మీకు తెలియవలసింది తెలిసినట్టే. సేల్స్‌మన్ నొచ్చుకున్నా ఫరవాలేదు. కదలబోయే ముందు శబ్దం వస్తోందా, వస్తే బయట నిలబడినవారికి వినిపించేంత గట్టిగా ఉందా అన్నది కూడా అప్పుడే గమనించండి.

పాత బండి అయితే కింది పట్టాలోకి వంగి చూడాలి. బిస్కెట్ ముక్కలు, చిన్న రాళ్లు, ఇసుక అక్కడే పేరుకుంటాయి. రోలర్లు అరిగినా, పట్టాలో చెత్త ఉన్నా తలుపు కారణం లేకుండా వెనక్కి మళ్లుతూ ఉంటుంది. విసిగిపోయిన యజమాని మోటారును ఆపేసి వాడుతూ ఉండవచ్చు, కనుక అన్ని మీటలతోనూ, రెండు వైపులా, పదేసి సార్లు తెరిచి మూయండి. ముందు అంచు రబ్బరు పట్టీ చిరిగి ఉంటే దాన్ని మార్పించే వరకు ఆ బండి తీసుకోవద్దు. ఇంజిను ఆపి, మోటారు స్విచ్ ఆపి, లోపలి హ్యాండిల్‌తో తలుపు చేత్తో తీయగలుగుతున్నారో లేదో మీ ఇంట్లో అందరికంటే బలహీనమైన మనిషితో చేయించి చూడండి. బ్యాటరీ పడిపోయినప్పుడు బయటికి వచ్చే దారి అదే.

మన దేశంలో కొనేవారికి

ఇండియాలో ఈ తలుపు ఖరీదైన బండ్లకే పరిమితం. 2020లో కార్నివాల్ వచ్చినప్పుడు అది అనంతపురం ప్రాంతంలో, పెనుకొండ దగ్గరున్న కియా కర్మాగారంలోనే తయారయ్యేది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త కార్నివాల్ ప్రారంభ ధర 63.90 లక్షలు. టొయోటా వెల్‌ఫైర్ ధర కోటి దాటింది. ఇన్నోవా హైక్రాస్, కారెన్స్ వంటి కుటుంబ బండ్లన్నీ మామూలు తలుపులతోనే వస్తాయి. కనుక ఇక్కడ పోలిక చాలామందికి డబ్బు దగ్గరే తేలిపోతుంది.

కొనగలిగినవారి విషయంలో మాత్రం పరిస్థితి అమెరికాకు భిన్నం. ఇక్కడ బండి నడిపేది చాలాసార్లు జీతానికి పెట్టుకున్న డ్రైవరు. వెనక ఎవరు దిగుతున్నారో, ఎవరి చెయ్యి ఎక్కడుందో అతనికి కనిపించదు, మర్యాద కొద్దీ తొందరగా తెరిచి తొందరగా మూస్తాడు. మన రోడ్ల మీద ద్విచక్ర వాహనాలు కుడి పక్కనుంచే కాదు, కారుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య ఎడమ పక్క సందులోంచి కూడా దూసుకుపోతాయి. మామూలు తలుపు తెరిస్తే వచ్చేవాడికి దూరం నుంచే కనిపిస్తుంది, గుద్దుకుంటే తలుపుకు గుద్దుకుంటాడు. స్లైడింగ్ తలుపు బండి ఒంటికి అతుక్కొని తెరుచుకోవడం వల్ల బైకువాడికి ఏ సూచనా అందదు, నేరుగా దిగే మనిషే ఎదురవుతాడు. పిల్లలైతే తలుపు జరగడమే ఆలస్యం, దూకేస్తారు. అందుకని కుడి వైపు తలుపుకు చైల్డ్ లాక్ ఎప్పుడూ వేసే ఉంచి, పిల్లలను ఎడమ వైపు నుంచే దింపాలి. తలుపు తెరిచే మీట డ్రైవరుకే వదిలి, మూసే మాట మాత్రం వెనక కూర్చున్న పెద్దవారిదని బండి తెచ్చుకున్న రోజే అతనికి చెప్పి పెట్టాలి. హైదరాబాద్ కొండ వీధుల్లో ఇల్లున్నవారు డెలివరీ తీసుకునే ముందు, తమ ఇంటి వాలు మీదే బండిని ఆపించి, తలుపు తెరిచినచోట నిలుస్తోందో లేదో చూసుకోవాలి.